గువ్వలకోన ముక్కాలి పీట

మొదటి నగారా మోగి రెండు గడియలైంది. రాజధాని మణిశృంగపురం ఉత్తర ద్వారం ముందు ఇసుక వేస్తే రాలనంత జనం. ఏనుగుల మీద దంతపు పీటలు, పల్లకీల్లో చందనపు పీటలు, ఎద్దుబండ్ల మీద వెండి రేకు తాపిన పీటలు. ముందు బాజాలు, వెనక భటులు. ఒక్కో సీమ తన పీటను పెళ్లికూతురిలా ముస్తాబు చేసి తెస్తోంది. ఆ తోపులాటలో నెత్తిన కుండ పెట్టుకుని, "మజ్జిగో, చల్లటి మజ్జిగ" అని రాగం తీస్తూ ఒక పాతికేళ్ల యువకుడు మెల్లగా ముందుకు జరుగుతున్నాడు. అతని పేరు ఎర్రమల్లుడు. నిజానికి అతను మజ్జిగ అమ్మేవాడు కాదు, గువ్వలకోన వంటవాడు. వేషం కోసం పొద్దున్నే మీసం తీయించుకోవాల్సి వచ్చింది. ప్రాణం పోతుందన్న బెంగ లేదు గానీ, ఆ మీసం పోయిందనే అతనికి మహా కష్టంగా ఉంది.

కుండ కింద ఏముందో నాకు తెలుసు గానీ ద్వారం భటులకు తెలియదు. ముక్కాలి పీటను తలకిందులు చేసి, దాని మూడు కాళ్ల నడుమ కుండను ఇరికించి, చుట్టూ తడిగుడ్డ చుట్టి, వేపమండలు దోపాడు. చూసేవాళ్లకు అదొక ఎత్తైన కుదురులా ఉంది. ఇప్పచెక్కతో చేసిన ఆ పాత పీట గువ్వలకోనకు ప్రాణంతో సమానం.

పీటకింత హడావిడి దేనికంటారా, చెబుతాను. రత్నమేఖల రాజ్యాన్ని నడిపే సభలు రెండు. కింద ముంగిలిసభ, దాని నెత్తిన మిద్దెసభ. ముంగిలిసభలో తలల లెక్క. జనం ఎక్కువున్న సీమకు గొంతులూ ఎక్కువే. అదొక్కటే అయితే పెద్ద సీమలు చిన్నవాటిని నంజుకు తింటాయని, వెనకటి రాజు ఒకాయన పైన మిద్దె కట్టించి అక్కడ సీమలకు పీటలు వేయించాడు. మొత్తం అరవై నాలుగు. వెయ్యి పొయ్యిలున్న సీమ ఎంత చిన్నదైనా దానికి ఒక పీట తప్పదు. పొయ్యిలు పెరిగేకొద్దీ పీటలు పెరుగుతాయి గానీ, ఎంతటి సీమకైనా పన్నెండు దాటవు. ఒక సీమ నేలో నీళ్లో ఇంకొకరికి ఇవ్వాలంటే ఆ సీమ పీటపెద్ద తన నోటితో ఒప్పుకుని తీరాలి. అదీ పీట మీద కూర్చుని చెప్పాలి. నిలబడి గొంతు చించుకున్నా ఆ మాట లెక్కలోకి రాదు.

పన్నెండేళ్లకోసారి రాజ్యమంతా పొయ్యిలు లెక్కపెడతారు. అప్పుడు పీటలన్నీ సొంత సీమలకు వెళ్లిపోతాయి. పీటల పంపకం నాడు మధ్యాహ్నం మూడో నగారా మోగేలోపు తిరిగొచ్చి వరసలో కూర్చోవాలి. రాని పీట పోయినట్టే.

ఇక గువ్వలకోన వాళ్లు చేసిన ఘనకార్యం వినండి. ఆ కోనలో పన్నెండు వందల చిల్లర కుటుంబాలున్నాయి. అందరికీ పొయ్యి మాత్రం ఒకటే. అరకోసు పొడవున ఒక కందకం. ఈ చివర ముట్టిస్తే ఆ చివరిదాకా పాకే ఒకే నిప్పు. పెళ్లయిన ప్రతి జంటా మూడు రాళ్లు తెచ్చి ఆ కందకం మీద తమ కుండకు చోటు చేసుకుంటుంది. కుండలు పన్నెండు వందలు, పైకి లేచే పొగ ఒకటి. లెక్కగాళ్లు తెల్లవారుతుండగా కొండెక్కి పొగలు లెక్కపెట్టారు. ఒకే పొగ కనిపించేసరికి అనుమానమొచ్చి కిందికి దిగి, మీకెన్ని పొయ్యిలయ్యా అని అడిగారు. అడగడమే ఆలస్యం, కోన కోనంతా ఛాతీ విరుచుకుని ఒకటే అంది. అలా చెప్పుకోవడం వాళ్లకు తాతలనాటి గొప్ప. ఏ గొడవ వచ్చినా నిప్పు పంచుకోలేదన్నది వాళ్ల పరువు. లెక్కగాళ్లు ఒకటి అని రాసుకుని, ఇచ్చిన జొన్నరొట్టెలు తిని, చక్కా పోయారు. రొట్టెలు వడ్డించింది మన ఎర్రమల్లుడే. తలుచుకున్నప్పుడల్లా అతనికి నాలుక కరుచుకోవాలనిపిస్తుంది.

ఒక్క పొయ్యికి పీట ఎవరిస్తారు? ఖాళీ అయిన పీట, పంపకం పోను మిగులు పొయ్యిలు ఎక్కువున్న సీమకు పోతుంది. ఆ సీమ వజ్రకోట. దానికి ఇప్పటికే పదకొండు పీటలు. దాని పీటపెద్దల్లో మొదటివాడు ధూమకంఠుడనే మాంత్రికుడు. పన్నెండో పీట చేతికందిన మరుక్షణం, గువ్వలకోన ప్రాణమైన వెన్నెలవాగును వజ్రకోట వైపు మళ్లించాలన్న తీర్మానం సభలో పెడతాడు. పీట లేని సీమను ఒప్పుకుంటావా అని అడిగేదెవరు? వాగు పోతే ఆ కోనలో మిగిలేది బండలు, తొండలు.

ఒకటే దారి ఉంది. దాన్ని ఎదురులెక్క అంటారు. పీటను వరసలో పెట్టి, మూడో నగారాలోపు సభాపతి కళ్లకు వెయ్యి పొయ్యిలు చూపించాలి. అందుకే గువ్వలకోన పీటపెద్ద బయ్యమ్మవ్వ పని రెండుగా పంచింది. ఎనభై ఏళ్ల మనిషి, నడుం వంగింది గానీ మాట వంగలేదు. కోననంతా వెంటేసుకుని, ఇంటికి మూడు రాళ్లు, ఒక కుండ, వంట సరుకులు, కుంపట్లో పాతనిప్పు పట్టుకుని ఆమె తూర్పు బాటన బయల్దేరింది. పంపకం నాడు కోట ముందు మైదానంలో ఏ సీమవాళ్లైనా వండుకు తినొచ్చు, కాబట్టి వాళ్లను ఆపేవాడు లేడు. పీట కనిపిస్తే మాత్రం విరిచి మంటల్లో వెయ్యమని ధూమకంఠుడి ఆజ్ఞ. ఈ ఏడాది ద్వారాల కాపలా వజ్రకోట వంతు మరి. అందుకే పీట ఎర్రమల్లుడి నెత్తికెక్కింది.

కాపలా నాయకుడు బానకడుపువాడు. ఎండకు నాలుక పిడచకట్టుకుపోతోంది. ఎర్రమల్లుడిని ఆపి నాలుగు ముంతల మజ్జిగ తాగాడు. నంజుకోవడానికేమీ లేదా అంటే, ఎర్రమల్లుడు నడుముకు కట్టుకున్న మూట విప్పి రెండు ఎండుమిరపకాయలిచ్చాడు. అంతటితో పోనిస్తే బాగుండును. తాగినవాడికి జాలి పుట్టింది. పాపం, కాసేపు కుండ దించుకోరా అన్నాడు. దించితే మజ్జిగ పులుస్తుందని మా అవ్వ ఒట్టు పెట్టించుకుంది దొరా అన్నాడు ఎర్రమల్లుడు. ఇదెక్కడి ఒట్టురా అని నవ్వుతూ నాయకుడే కుండకు చెయ్యి వేశాడు. తడిగుడ్డ జారింది. పీట కాలొకటి ఆయన ముక్కు ముందు నిటారుగా నిలబడింది.

ఎర్రమల్లుడి చెయ్యి మాత్రం ఆగలేదు. కుండ ఎత్తి మిగిలిన మజ్జిగంతా ఆ బానకడుపు మీద గుమ్మరించాడు. ఖాళీ కుండ వెనకనున్న భటుడి తలకు టోపీలా దిగింది. పీటను చంకన పెట్టుకుని కాలికి బుద్ధి చెప్పాడు.

వెనక ముప్పైమంది భటులు. ఎర్రమల్లుడు పూల అంగళ్ల మధ్య నుంచి దూకాడు, రథం కింద నుంచి దూరి అవతల తేలాడు, నీళ్లు తాగుతున్న ఏనుగు తొండం మీదుగా ఎగిరి సందులో పడ్డాడు. ఆ సందు నిండా పెళ్లి పందిరి. పంక్తి వేసి భోజనాలు జరుగుతున్నాయి. జనమంతా వరసగా పీటల మీద కూర్చుని విస్తళ్ల ముందు వంగి ఉన్నారు. ఎర్రమల్లుడు రెండో ఆలోచన లేకుండా పంక్తి చివర తన ముక్కాలి పీట వేసి బాసిపట్టు వేసుకుని కూర్చున్నాడు. వడ్డించేవాళ్లు ఏ సీమలోనైనా ఒకటే, విస్తరి వేసి వడ్డించేశారు. భటులు దడదడమంటూ పంక్తి పక్క నుంచే పరుగెత్తారు. పీటల వరసలో పీట కోసం వెతకాలని వాళ్లకు తట్టలేదు. ఎర్రమల్లుడు పులిహోర నోట్లో పెట్టుకుని, ఉప్పు తగ్గిందని పక్కాయనతో అన్నాడు. పక్కాయన పెళ్లికూతురి మేనమామ. వంటవాడిని పిలవబోయాడు. ఇక్కడింకో గొడవ దేనికని ఎర్రమల్లుడు చెయ్యి కడుక్కుని వెనకదారిన జారుకున్నాడు.

రెండో నగారా మోగేసరికి అతను మిద్దెసభ మెట్ల దగ్గర ఉన్నాడు.

ఆ మెట్ల సోయగం చూసి తీరాలి. పీటకొక మెట్టు చొప్పున అరవై నాలుగు. ఏ సీమ మెట్టు ఆ సీమ కొండరాయితోనే చెక్కింది. ఒకటి నెమలి మెడ రంగు, ఒకటి పసుపుకొమ్ము రంగు, ఒకటి పొద్దుగుంకేటప్పటి ఆకాశం. ఇరువైపులా పాలరాతి హంసలు నోళ్లలో ముత్యాల దండలు పట్టుకుని నిలబడ్డాయి. ఎర్రమల్లుడు రెండేసి మెట్లు చొప్పున ఎక్కుతూ నలభై మెట్లు దాటి, అక్కడ ఠక్కున ఆగిపోయాడు. నలభై ఒకటోది గువ్వలకోన మెట్టు. దాన్ని పొద్దున్నే పెకలించేశారు. మెట్టు పోయిన చోట జానెడు ఖాళీ ఉండాలి కదా. కాని అక్కడ నిలువెత్తు ఏనుగు పట్టేంత గోతిలో నల్లటి పొగ సుళ్లు తిరుగుతోంది. ఒక గులకరాయి వేసి చెవి ఒగ్గాడు. అది కింద పడిన చప్పుడు రానే లేదు.

వెనక భటుల కేకలు దగ్గరవుతున్నాయి. ఎర్రమల్లుడు గోతి వంక చూశాడు, చంకలోని పీట వంక చూశాడు. కోనలో పొయ్యి రాళ్లు సర్దీ సర్దీ అరిగిపోయిన చేతులతనివి. ఎవరి రాయి ఎవరి చోటుకు అతుకుతుందో అతనికి చూపుతోనే తెలుస్తుంది. ఇది గువ్వలకోన చోటు, ఇది గువ్వలకోన పీట. తలపాగా విప్పి ఒక కొస పీట కాలికి ముడేసి, మెట్టు ఉండాల్సిన చోట గోతి మీద పీటను నిలిపి వదిలాడు. పీట పడిపోలేదు. ఎవరో కింద నుంచి పట్టుకున్నట్టు గాలిలో అలాగే నిలిచింది. గుండె చిక్కబట్టుకుని దాని మీద కాలు మోపి, మరో అంగలో అవతలి మెట్టెక్కి, తలపాగా కొస లాగి పీటను చేతికి తెచ్చుకున్నాడు. వెనకొచ్చిన భటులు గోతి అంచున నిలబడి ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

మిద్దెసభ లోపల అడుగుపెట్టగానే ఎర్రమల్లుడు నోరు తెరిచాడు. స్ఫటిక స్తంభాల మీద బంగారు తీగెలు పాకుతున్నాయి. పైకప్పుకు పొదిగిన గోమేధికాల నుంచి తేనెరంగు వెలుగు కారుతోంది. నేలంతా రంగురాళ్లతో పరిచిన రాజ్యపటం. నదులకు నీలాలు, అడవులకు పచ్చలు, ఎడారికి పసుపురాయి. ఏ సీమ బొమ్మ మీద ఆ సీమ పీటలు. వజ్రకోట బొమ్మ గదిలో సగం ఆక్రమించింది. గువ్వలకోన బొమ్మ విస్తరాకంత ఉంది. దాని మధ్య వెంట్రుక మందాన ఒక తెల్లరాతి గీత, అదే వెన్నెలవాగు. ఆ గీత కనబడగానే ఎర్రమల్లుడికి కళ్లు చెమ్మగిల్లాయి. పరుగున వెళ్లి దాని పక్కన ముక్కాలి పీట పెట్టాడు. ఆ వైభవం నడుమ ఆ మసిపట్టిన పీట ఎంత చిన్నగా ఉందంటే, ఇద్దరు పీటపెద్దలు నవ్వు ఆపుకోలేకపోయారు.

ధూమకంఠుడు నవ్వలేదు. తాటిచెట్టులాంటి మనిషి, మాట్లాడితే నోటి నుంచి సన్నటి పొగ వస్తుంది. ఒక్క పొయ్యి సీమకు ఈ సభలో చోటు లేదని, ఆ పీటను అవతల పారేయించమని సభాపతికి విన్నవించాడు.

సభాపతి శంఖదత్తుడు ముసలాయన, నిదానస్తుడు. ఆయన ఎప్పుడూ నస్యం డబ్బీ చేత్తో పట్టుకునే ఉంటాడు. పంపకం నాడు సభాపతి పాదం నేలకు తగలకూడదన్నది ఆచారం. తీర్పు చెప్పేవాడు ఏ సీమ మట్టీ తొక్కకూడదని. అందుకని ఆయన ఏది చూసినా మిద్దె మీద నుంచే చూడాలి.

"పీట వచ్చింది కాబట్టి అడిగే హక్కు వచ్చింది," అన్నాడాయన. "ఏమయ్యా, ఎదురులెక్క కోరుతున్నావా?"

"కోరుతున్నానయ్యా," అన్నాడు ఎర్రమల్లుడు. "మా పొయ్యి ఒకటే. దాని మీద కుండలు పన్నెండు వందలు. ఒక్కో కుండ కింద ఒక ఇల్లు పెట్టిన మూడు రాళ్లున్నాయి. పొగను కాదు, రాళ్లను లెక్కపెట్టించండి. మావాళ్లు కింద మైదానంలో ఉన్నారు."

న్యాయంగానే ఉందని శంఖదత్తుడు లేచి, పరిచిన తివాచీల మీదుగా వసారాలోకి నడిచాడు. ఎర్రమల్లుడు ఆయన భుజం మీదుగా తొంగిచూశాడు. మైదానానికి పడమట బయ్యమ్మవ్వ వచ్చేసింది. కోన అంతా వచ్చేసింది. గడ్డి చెక్కి కందకం తవ్వుకున్నారు, రాళ్లు పేర్చుకున్నారు, నిప్పు పాకుతోంది. అతను చెయ్యెత్తి ఊపేలోపు ధూమకంఠుడు పెదవులు కదిపాడు. మైదానం మీదికి నల్లటి పొగ దుప్పటిలా జారింది. కందకం లేదు, కుండలు లేవు, అవ్వ లేదు. తూర్పున మాత్రం ఆకాశం తేటగా ఉంది. అక్కడ వజ్రకోట వాళ్ల వంటపొగలు మూడు వేలు చక్కగా నిటారుగా లేస్తున్నాయి.

"నాకేమీ కనబడటం లేదు నాయనా," అన్నాడు శంఖదత్తుడు. "కనబడనిదాన్ని లెక్కపెట్టలేను."

నగారా వాయించేవాడు కర్రలు చేతికి తీసుకున్నాడు. ఎర్రమల్లుడికి తల ప్రాణం తోకకొచ్చింది. ముసలాయన ఏం తోచక నస్యం డబ్బీ మూత తీశాడు. తీశాడో లేదో, పక్కనున్న ధూమకంఠుడు పాము కనబడ్డట్టు పదడుగులు వెనక్కి దూకి ఉత్తరీయం ముక్కుకు అదిమిపట్టాడు. ఆ క్షణంలో మైదానం మీద పొగ పలచబడింది. డబ్బీ మూయగానే మళ్లీ కమ్ముకుంది.

మిగతావాళ్లు గమనించలేదు. కాని వంటింట్లో పెరిగినవాడు తుమ్ముకు భయపడే మనిషిని ఇట్టే పట్టేస్తాడు. వీడి మంత్రం ఊపిరి తెగకుండా నడవాలి, తుమ్మితే తెగుతుందని ఎర్రమల్లుడికి తెలిసిపోయింది. ఒక్క డబ్బీ నస్యం ఏం సరిపోతుంది? వసారా అంచు పట్టుకుని, కోనలో ఈ కొండ నుంచి ఆ కొండకు పిలిచే గొంతుతో కిందికి కేకేశాడు.

"అవ్వా, మన పీటకు దిష్టి తగిలింది. మిరపకాయలు తియ్యండి."

అంతే. దిష్టి తియ్యమంటే గువ్వలకోనలో ఎందుకని అడిగే ఆడమనిషి పుట్టలేదు. పన్నెండు వందల గుప్పెళ్ల ఎండుమిరపకాయలు పన్నెండు వందల కుండల చుట్టూ మూడుసార్లు తిరిగి, ఉమ్మి వేయించుకుని, ఒక్కసారిగా నిప్పుల్లో పడ్డాయి. చెడు దిష్టి ఉంటే ఘాటు రాదంటారు గానీ, ఆ రోజు వచ్చిన ఘాటు ఏం చెప్పమంటారు. ముందు పావురాలు తుమ్మాయి. తర్వాత గుర్రాలు. ఆ తర్వాత ముంగిలిసభలో మూడువందల మంది, మిద్దెసభలో దంతపు పీటల వాళ్లు, చందనపు పీటల వాళ్లు. నస్యానికి అలవాటుపడ్డ శంఖదత్తుడొక్కడే హాయిగా ఊపిరి పీల్చుకున్నాడు. ధూమకంఠుడు ఉత్తరీయం నోటినిండా కుక్కుకున్నాడు, బుగ్గలు పూరించాడు, కళ్లు ఎర్రబడి నీళ్లు కారాయి. చివరికి వాడు తుమ్మిన తుమ్ముకు స్తంభాల మీది బంగారు తీగెలు గలగలమన్నాయి.

పొగ తెర పేలికలై ఎగిరిపోయింది. పడమట అరకోసు పొడవున నిప్పుల గీత, దాని మీద బారులు తీరిన కుండలు, కొంగులతో ముక్కులు తుడుచుకుంటూ నవ్వుతున్న జనం. తూర్పున వజ్రకోట వాళ్ల మూడువేల పొగలు కూడా అదే గాలికి మాయమయ్యాయి. వాటి కింద ఒక్క రాయి లేదు, ఒక్క కుండ లేదు. ఒక గేదె మాత్రం తాపీగా గడ్డి మేస్తోంది.

లెక్కగాళ్లు గుర్రాల మీద కందకం వెంట పరుగెత్తారు. మూడు రాళ్లకొక ఇల్లని కేక వేస్తుంటే పైన శంఖదత్తుడు వేళ్లు మడుస్తున్నాడు. ఎనిమిది వందలు, తొమ్మిది వందలు. ఎండ నడినెత్తికి వచ్చింది. వెయ్యి అన్న కేక వినబడ్డాక గానీ ఎర్రమల్లుడికి ఊపిరి ఆడలేదు. పన్నెండు వందల నాలుగు దగ్గర లెక్క ముగిసింది. మూడో నగారా మోగింది.

ఇక నుంచి రాజ్యమంతటా పొగలు కాదు రాళ్లే లెక్క అని శంఖదత్తుడు తీర్పు చెప్పాడు. వజ్రకోటకు పన్నెండో పీట మాట అటుంచి, ఉన్న పదకొండు పీటలకైనా రాళ్లున్నాయో లేదో రేపటి నుంచి చూడమన్నాడు. చిన్న సీమల పీటపెద్దలు, వాళ్లలో ఇందాక నవ్విన ఇద్దరూ కూడా, లేచి చప్పట్లు కొట్టారు. ఎర్రమల్లుడికి సంతోషంతో ఏం చెయ్యాలో తోచక, పీటను తలపాగా కొసతో తుడిచాడు.

నలభై ఒకటో మెట్టు దగ్గర గోయి పూడిపోయి జానెడు ఖాళీయే మిగిలింది. బయ్యమ్మవ్వ దాన్ని ఒక్క అంగలో దాటి, రొప్పుకుంటూ వచ్చి తన పీట మీద చతికిలబడింది. ముందుగా ఎర్రమల్లుడి మొహం చూసి, మీసమేదిరా అని అడిగింది. తర్వాత సభ వైపు తిరిగింది.

వెన్నెలవాగు తీర్మానం అప్పటికే పలకలకెక్కింది. దాన్ని చదవక తప్పదు. చదివి, గువ్వలకోన ఒప్పుకుంటుందా అని శంఖదత్తుడు అడిగాడు. అవ్వ నోరు తెరిచింది.

సరిగ్గా అప్పుడే స్తంభం చాటున నక్కిన ధూమకంఠుడు ఊపిరి కూడదీసుకున్నాడు. వాడి ఒళ్లు నల్లబడింది, చేతులు సాగి రెక్కలయ్యాయి. పైకప్పును రాసుకునేంత పొగగద్ద ఒకటి సభ మధ్యకు దూకి, పీట పైచెక్కను కాళ్లతో పట్టుకుని వసారా గుండా ఆకాశంలోకి లేచింది. పీట పోతే మాట పోతుందన్నది వాడి ఎత్తు. కాని అవ్వ దిగలేదు. ఎనభై ఏళ్ల మనిషి రెండు చేతులా పీట అంచులు పట్టుకుని మరింత గట్టిగా కూర్చుంది. ఎర్రమల్లుడు వసారా అంచు నుంచి ఒక్క దూకు దూకి పీట కాలొకటి అందుకుని వేలాడాడు.

గద్ద మైదానం మీద ఒక చుట్టు తిరిగింది. కిందనున్న పన్నెండు వందల ఇళ్లవాళ్లు తలలెత్తి చూస్తుండగా, ఆ ఎత్తు నుంచి బయ్యమ్మవ్వ గొంతు ఖణేలుమంది.

"గువ్వలకోన ఒప్పుకోదు."

ఆమె సభలో లేదు కాబట్టి ఆ మాట చెల్లదని వజ్రకోట వాళ్లు లేచారు. శంఖదత్తుడు వసారాలోంచి మెడ చాచి, పీట చిన్న చుక్కయ్యేదాకా చూశాడు.

"పీట ఎక్కడున్నా ఆమె దాని మీదే ఉంది," అన్నాడు. "రాసుకోండి, ఒప్పుకోలేదు."

కింద కోన వాళ్లు గరిటెలతో కుండలు వాయించిన మోత మేఘాల దాకా వినబడింది. వాగు దక్కింది. ఎర్రమల్లుడు ఆకాశంలో వేలాడుతూ పకపకా నవ్వాడు. కాసేపటికి నగరం వెనకబడింది, గువ్వలకోన కొండలు మొదలయ్యాయి. ఎదురుగా, చాలా దూరాన, వజ్రకోట నల్లటి బురుజులు లేస్తున్నాయి. అంతటి గద్దకే భయపడని అవ్వ, ఆ బురుజులు చూసి కొంగు బిగించింది.

"మల్లా, మిరపకాయలేమైనా మిగిలాయా?" అని పై నుంచి అడిగింది.

ఎర్రమల్లుడు ఒంటిచేత్తో నడుము తడుముకున్నాడు. మూటలో ఏడున్నాయి. గుప్పెట్లో నలిపి ఆ పొగముక్కు మీదికి విసిరితే చాలు. విసరబోయాడు కూడా.

"ఆగరా తొందరగాడా," అంది అవ్వ. "కింద అన్నీ బండలే. వెన్నెలవాగు మడుగు రానీ."